బోస్టనులో ఇటలీవారి పేట

గత సంవత్సరము వినాయకచవితి వెళ్లిన మూడవనాడు మేము అమెరికాకు ప్రయాణమైతిమి. మా చెల్లెలికి రెండవ కానుపు. పురుడు పోయుటకు మా అమ్మయే పోవలసియుండెను గాని, మోకాళ్ల నొప్పులచే ఆమె అంతదూరము కూర్చుండి పోలేక, “నీవు పెద్దదానవు, నాకు బదులు నీవు పొమ్ము” అని మమ్ము పంపెను. మా వారికి పాఠశాల గలదు. నడి సంవత్సరమున సెలవు దొరకదు. అందుచే ఇల్లు అత్తగారికప్పగించి, ఇంగువయు, మెంతిపొడియు, మినపసున్ని ఉండలును మూటగట్టుకొని, మొదటిసారిగా విమానమెక్కి, మేమొక్కరమే బోస్టను చేరితిమి. చెల్లెలి కాపురము ఆ నగరమునకు పడమరగా ఇరువది మైళ్ల దూరమున ఫ్రేమింగుహాము అను ఊరిలో.

అచ్చట చూచిన వింతలన్నియు వ్రాయబూనినచో ఈ పత్రిక చాలదు. ఒక్క శనివారమునాటి సంగతి మాత్రము సోదరీమణులకు మనవి చేసెదము. దానికి ముందు ఒక డబ్బా కథ చెప్పవలెను.

మా చెల్లెలి కూతురునకు తొమ్మిదియేండ్లు. బడికి పోవునపుడు మధ్యాహ్నభోజనము ఒక డబ్బాలో పెట్టి పంపుదురు. మేము వెళ్లిన వారముననే, పిల్లకు రుచిగా ఉండునని తలచి, వేకువనే లేచి పులుసు పిండి, ఇంగువ పొంగించి పులిహోర కలిపి డబ్బా నింపితిమి. సాయంకాలము ఆ డబ్బా నింపినది నింపినట్లే తిరిగి వచ్చెను. కారణమడుగగా పిల్ల చాలసేపు మాటాడక, చివరకు, “బాగానే ఉన్నది దొడ్డమ్మా. మూత తీయగానే ప్రక్కనున్న పిల్లలు ముక్కు మూసికొనిరి” అనెను. మరునాడు మా చెల్లెలు ఒక్కమాటయైన ఆడక రెండు రొట్టెముక్కల నడుమ పండ్లపాకము పూసి పంపినది. అది చూచి మాకు కోపము పట్టరానిదయ్యెను. “ఇంటి వంటకు సిగ్గుపడుమని పిల్లకు నీవే నేర్పుచున్నావు” అంటిమి. ఎనిమిదవ నెల గర్భవతితో అనవలసిన మాట కాదది. రెండు దినములు ఇంటిలో అవసరమునకు మించి మాటలు లేవు.

శనివారము ఉదయమున చెల్లెలే మౌనము విడిచి, “అక్కయ్యా, డాక్టరుగారు నన్ను నడువుమన్నారు. పట్టణములో ఇటలీవారి పేట కలదు. నీవు చూడవలసిన అంగళ్లు అచ్చట ఉన్నవి, రమ్ము” అనెను. మరిదిగారికి పనియుండి రాలేదు. మేమును, చెల్లెలును, పిల్లయు రైలులో బోస్టను చేరి, అచ్చటనుండి ఒక పొడవైన తోట వెంబడి, బల్లలున్నచోటనెల్ల కూర్చుండుచు, మెల్లగా నడచితిమి.

ఆ తోటకు రోజు కెన్నెడీ గారి పేరు పెట్టిరి. ఆమె కెన్నెడీ అధ్యక్షుని తల్లి. 1890లో ఈ పేటలోనే పుట్టినది. ఇప్పుడు పూలమొక్కలున్నచోట, 1950 తరువాతి దశకమున, ఎత్తైన స్తంభములపై ఒక పెద్ద మోటారుబాటను కట్టిరి. దానికొరకు వందలకొలది ఇండ్లు, అంగళ్లు కూలినవి. పేటకును నగరమునకును నడుమ గోడ లేచినట్లయ్యెను. తరువాత బాటను సొరంగములోనికి దింపి, పైకట్టడమును 2004 నాటికి తీసివేసిరి. 2008లో ఆ నేలమీద తోట వెలసినది. తోట దాటి హానోవరు వీథిలో అడుగుపెట్టగానే మాకు మొదట కనుపించినవి అంగళ్ల పేరుపలకలు. సలుమెరియా, పాస్తిచ్చెరియా, పనెత్తెరియా: ఒక్క పదమైన హల్లుతో ముగియదు. మన తెనుగును ప్రాచ్యదేశపు ఇటాలియను అని పాశ్చాత్యులు పిలిచిరని చదివియుంటిమి గాని, పరదేశపు వీథిలో అజంతపదములు వరుసగా మమ్ము పలుకరించినపుడు గాని ఆ పోలిక మనసున నాటలేదు.

పేట చిన్నది, చదరపు మైలులో సగమైనను ఉండదు. నగరములో మిక్కిలి పాతది. 1680 ప్రాంతమున కట్టిన కొయ్యయిల్లు ఒకటి నేటికిని నిలిచియున్నది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధపు మొదటి రాత్రి గుఱ్ఱమెక్కి వార్త మోసిన పాలు రెవియరు అందు కాపురముండెను. ధనవంతులు విడిచిపోయిన ఈ పేటలోనికి మొదట ఐర్లండువారు, పిదప రష్యా ప్రాంతపు యూదులు, వారి వెనుక ఇటలీవారు వచ్చిరి. 1861లో ఇటలీ ఒక్క రాజ్యమైన పిదపగూడ దక్షిణభాగమున కౌలురైతుల దారిద్ర్యము తీరలేదు. 1880 మొదలు 1920 వరకు నలుబదిలక్షలకు పైగా ఇటలీవారు అమెరికాకు వచ్చిరి. వారిలో దక్షిణాదివారే హెచ్చు. 1930 నాటికి ఈ చిన్న పేటలో సుమారు 44,000 జనము. ఇంచుమించు అందరును ఇటలీవారే. ఒక్కొక్క ఊరివారు ఒక్కొక్క వీథిలో చేరిరి. సిసిలీ జాలరులు రేవునకు దగ్గరగా నార్తు వీథిలో నుండిరి. ఒక ఊరివారి యాస మరియొక ఊరివారికి తెలియకుండెడిదట. అమలాపురము యాసకును ఆదోని యాసకును ఎంత దూరము గలదో తెలిసిన మనకు ఇది వింత గాదు.

1924 నాటి చట్టము ఇటలీవారి రాకను చాలవరకు అడ్డినది. మనవారికైతే అంతకుముందే తలుపు మూసియుండెను. 1965 నాటి చట్టముతో గదా మన తెలుగువారు వేలకొలదిగా పోవుటకు వీలైనది. అంతకుముందు పోయినవారు చదువుకై పోయినవారే. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 తరువాతి దశకమున ఈ బోస్టనులోనే హార్వర్డు వైద్యవిద్యాలయమున పరిశోధనలు జరిపిరి. ఆయనకు ఆ దినములలో చింతపండు ఎవరు పెట్టిరో యని మేము నడచుచు నడచుచు అనుకొంటిమి.

ఇక అంగళ్లు. సేలెము వీథి మూలమీద పొల్కారీవారి కాఫీ అంగడి కలదు, 1932లో పెట్టినది. లోపలికి పోకముందే దాని వాసన మనలను చేయిపట్టి లాగును. వేయించిన కాఫీగింజల వెనుక ఏలకులు, లవంగములు, సోపు, మిరియములు. అచ్చట సామానుల ముందట నిలిచి చెల్లెలు, “ఇంటిలో నాకు బెంగ పుట్టినపుడు ఇచ్చటికి వచ్చి ఊరక నిలుచుందును” అని మెల్లగా అనెను. పండ్రెండేండ్ల కాపురములో ఆమె జాబులలో ఒక్కదానియందైన బెంగ అను మాట వ్రాసియుండలేదు.

ఎండుమిరపకాయలను చూచి మేము ఆశ్చర్యపడితిమి. ఇటలీ దక్షిణపు కొనయందలి కలాబ్రియావారు కారము తినుటలో మన గుంటూరువారికి తీసిపోరట. మిరపయు, రామములగయు (నేడు టమాటో యనుచున్నాము) అమెరికాలో పుట్టినవి. జెనోవా నగరమువాడైన కొలంబసు 1492లో సముద్రము దాటిన పిదపనే అవి ఇటలీకిని మన దేశమునకును వచ్చినవి. అంతకుముందు ఇటలీవారికి ఎఱ్ఱని పులుసును లేదు, మనకు పండుమిరప పచ్చడియు లేదు. వంకాయ మాత్రము ఎదురుదారిన పోయినది. మన దేశపు కాయ అరబ్బుల చేతులమీదుగా ఇటలీ చేరి వారి వంటయింట పెద్దపీట వేసికొనినది. దానిని ముక్కలు కోసి, ఉప్పునీరు పిండి, వెల్లుల్లియు నూనెయు పోసి వారు సీసాలలో నిలువచేయుదురు. ఆ సీసాను వెలుగునకెత్తి చూచినపుడు అది మా అత్తగారి చేతి ఊరగాయ గాదని నమ్ముట కష్టమయ్యెను.

మడి ఆచారము గల సోదరీమణులు అడుగగల ప్రశ్నకు సమాధానము చెప్పెదము. సలుమెరియా యనగా ఉప్పులో ఊరవేసిన పందిమాంసము అమ్ము చోటు. పైకప్పునుండి తొడలు వ్రేలాడుచుండును. మేము గుమ్మముకడనే నిలిచితిమి. గుమ్మమునుండియే కనబడినది తిరుగలిరాతివంటి చీజు, ఒక్కొక్కటి నలుబది కిలోల వరకు తూగునది. పార్మిజానో అందురు. పండ్రెండు నెలలకు తక్కువగాకుండ మాగనిచ్చినగాని అమ్మరు. పాలనుండి చేసినదే గదాయని శాకాహారులు మోసపోరాదు: దూడ కడుపునుండి తీసిన తోడుతోనే దానిని చేయవలెనని వారి నియమము. కానోలీ యను గొట్టపు మిఠాయికి హానోవరు వీథిలో రెండు ప్రసిద్ధమైన అంగళ్లు కలవు. మోడరనువారిది 1930 నాటిది, మైకువారిది 1946 నాటిది. ఏది మేలైనదని బోస్టనువారు కుటుంబములుగా చీలియున్నారు. పైగొట్టమును కొందరు పందికొవ్వుతో చేయుట గలదని చెల్లెలు చెప్పగా మేము దూరమునుండియే నమస్కరించితిమి. వరుసలో నిలిచినవారు ఎండను లెక్కచేయక వీథి చివరవరకుండిరి. దారము చుట్టిన తెల్లని పెట్టెలను పట్టుకొని వచ్చువారి ముఖములు చూచినచో ప్రసాదము దొరకినట్లుండెను.

ఇంకొక అంగడిలో మా పిల్ల ఒక గాజుపాత్రముందట నిలిచి, “చేగోడీలు!” అని కేక వేసెను. నిజముగ చేగోడీలే! అదే గుండ్రని చుట్టు, అదే కరకర. పేరు తరాల్లీ. గోధుమపిండిని ఆలివునూనెతో తడిపి, చుట్టి, మరుగునీట వేసి తీసి, పొయ్యిగూటిలో కాల్తురు. మిరియపుపొడిగాని సోపుగాని వేయుదురు. పొట్లము కొని పిల్ల రెండు తినిన పిదప చెల్లెలు పైకాగితము చదివి నాలుక కరచుకొన్నది. పిండి తడుపుటలో ద్రాక్షసారాయముగూడ పోయుదురట. “వేడికి ఆవిరియై పోవును అక్కయ్యా” అని ఆమె, “ఏమైపోవును?” అని పిల్ల. మేమేమియు పలుకలేదు. ఈ ముచ్చట మా అమ్మకు వ్రాసిన జాబులో లేదు.

ఈ అంగళ్ల పైయంతస్తులే ఇండ్లు. 1950 తరువాతి దశకమున ప్రభుత్వపు కాగితములలో ఈ పేట మురికివాడ. బేంకులు ఇంటిమరమ్మతులకు అప్పు నీయవయ్యెను. ప్రక్కనే యున్న పడమటి పేటను, ఇటలీవారు, యూదులు మొదలగువారు కలసి బ్రదుకుచుండగా, బాగుచేయుదుమను పేర 1958 మొదలు నేలమట్టము చేసిరి. ఇటలీవారి పేట మాత్రము నిలిచినది. తాపీవాడు వడ్రంగికి గోడ కట్టిపెట్టి, వడ్రంగి తాపీవానికి తలుపు చేసిపెట్టి, అప్పు లేకయే ఇండ్లు చక్కచేసికొనిరి. ఈ సంగతిని జేను జేకబ్సు అను విదుషి 1961లో తన గ్రంథమున వ్రాసి, నగరములు కట్టువారి కన్నులు తెరపించినది. పాఠశాలలో పట్టణనిర్మాణశాస్త్రము చదువని ఒక పత్రికారచయిత్రి పండితులకు పాఠము చెప్పుట మాకెంతయు ముచ్చటైనది.

మెట్టమీది హల్లు వీథిలో మరియొక కథ విన్నాము. 1899లో ఈ పేట గ్రంథాలయమున ఎడితు గెరియరు అను ఉద్యోగిని వలసవచ్చిన యూదుల, ఇటలీవారల ఆడుపిల్లలను చేరదీసి చదివింపసాగెను. శనివారపు సాయంకాలముల చేరుటచే వారికి శనివారపు కన్నెలని పేరు. చదువుతో పాటు ఆదాయముండవలెనని 1908లో వారిచేత కుండలపై చిత్రములు వ్రాయు పనిశాల పెట్టించిరి. బాతులు, కుందేళ్లు చిత్రించిన పసిపిల్లల పాలగిన్నెలను చేసి వారమ్మిరి. ఫేక్టరీలలో పడి నలుగవలసిన పిల్లలు చదివించువారి నడుమ కూర్చుండి రంగులు వేసిరి. 1942లో ఆ పనిశాల మూతపడినది గాని, ఆనాటి గిన్నెలు నేడు ప్రదర్శనశాలలలో ఉన్నవి.

ఆ వీథిలో నిలిచి దిగువకు చూచినచో రేవు కనబడును. అచ్చట 1919 జనవరి 15వ తేదీన జరిగినది చెల్లెలు చెప్పగా మాకు నమ్మశక్యము గాకుండెను. చెరకుపాకపు మడ్డిని నిలువచేయు ఉక్కుతొట్టి, యాబది అడుగుల ఎత్తున్నది, ఆ మధ్యాహ్నము పగిలినది. 23 లక్షల గేలనుల పాకము ఇండ్లమీద విరుచుకపడి 21 మందిని చంపినది. తొట్టి ముందునుండియే కారుచుండెడిది. పేట పిల్లలు డబ్బాలు తెచ్చి ఆ చుక్కలు పట్టుకొని పోవుచుండిరి. మృతులలో పదియేండ్ల పిల్లలును కలరు. కారుట కనబడకుండ తొట్టికి పాకపు రంగే పూసిరట. చివరకు ఇటలీవారే బాంబు పెట్టిరని యజమానులు వాదించిరి. ఏండ్లతరబడి విచారణ జరిగి, లోపము తొట్టియందే యని తేలినది. బెల్లము వాసన వచ్చునపుడెల్ల ఇప్పటికిని మాకు ఆ డబ్బాలు జ్ఞాపకము వచ్చును.

మరలివచ్చుచు చెల్లెలు అలసటచే చెట్లక్రింది బల్లపై కూర్చుండెను. అదే బల్లపై రొట్టెల సంచితో ఒక వృద్ధురాలు కూర్చుండియుండెను. ఎనుబది దాటినది. చెల్లెలి కడుపు చూచి, ఎన్నవ నెల, ఏమి తినబుద్ధియగుచున్నది యని ఆమె అడిగినది. ఏ దేశపు ముసలమ్మయైన అడుగు ప్రశ్నలే గదా! మాటలు సాగగా, మా పిల్ల చేతిలోని తరాల్లీ చూచి నవ్వి, తన చిన్ననాటి సంగతి చెప్పెను. చెల్లెలు తెనిగించుచుండెను.

పేటలోని చిన్నబడిలో అందరును ఒక్కటే. మోటారుబాట దాటి పెద్దబడికి పోయిన పిదప కష్టము వచ్చినది. తోటివారు తెల్లని రొట్టె నడుమ పలుచని మాంసము పెట్టుకొని వచ్చుచుండిరి. ఆమెకు తల్లి పెట్టినది వేయించిన వంకాయ, వెల్లుల్లి. నూనె కాగితమునుండి ఊరి పుస్తకములకంటెడిది. చేయి అడ్డముపెట్టుకొని తినెడిది. ఒకనాడు దానిని చెత్తబుట్టలో పడవైచి, ఇంటికి పోయి తింటినని చెప్పినది. “మా అమ్మ బట్టల ఫేక్టరీలో కుట్టుపని చేయుచుండెను. తెల్లవారకముందు లేచి ఆ వంకాయ వేయించెడిది. ఆమె పోయి నలుబదియేండ్లైనది. నేను ఆ మాట ఆమెకు చెప్పలేదు” అని ఆమె అనెను. పిమ్మట వీథివైపు చూపి, “ఇప్పుడు దానినే కొనుటకు వరుసలో నిలుచుచున్నారు, చూచితివా?” అని నవ్వినది. ఆమె పిల్లలు ఇంటి అద్దెలకు తాళలేక ఊరవతలకు పోయిరి. శనివారములలో రొట్టె కొనుటకు వచ్చి ఆమెను చూచి పోవుదురు. పేటలో ఇప్పుడు ఇటలీవంశీయులు సగముకన్న తక్కువ.

ఈ మాటలు తెనిగించునంతసేపును చెల్లెలు మా వైపు చూడలేదు. పిల్ల తరాల్లీ నములుట మానివేసినది.

తిరుగురైలులో మాకు మన అంగళ్లు తలపునకు వచ్చినవి. ఫ్రేమింగుహాము ప్రాంతమున గోంగూర దొరకును, సోనామసూరి బియ్యము దొరకును, గడ్డకట్టించిన ములగకాడలు దొరకును. కాని అవి మోటారులు నిలుపు మైదానముల ఒడ్డున నున్న అంగళ్లు. పైయంతస్తున ఎవరును కాపురముండరు. క్రింది గుమ్మమున కుర్చీ వేసికొని ఏ బామ్మయు కూర్చుండదు. మనవారు వచ్చిన దారి వేరు. చదువులతో వచ్చి, చెదరి, ఒక్కొక్కరు ఒక్కొక్క ఊర మంచి ఇండ్లు కట్టుకొనిరి. పేట లేని జాతికి నూరేండ్ల తరువాత పులిహోర వాసన ఏ మూలమీద నిలిచియుండునో మాకు తోచలేదు. చెల్లెలినడుగబోయి, ఆమె కన్నులు మూసికొనియుండగా చూచి ఊరకుంటిమి. ఇల్లు చేరిన పిదప, “మొన్న నేనన్న మాట మనసున పెట్టుకొనవద్దు” అని మాత్రము అంటిమి. “పెట్టుకొనలేదు అక్కయ్యా, నీవు కాళ్లు కడుగుకొని రమ్ము” అనెను.

ఆదివారమునాడు పిల్లయే చేగోడీలు కావలెనని అడిగెను. బియ్యపుపిండి దొరకినది, నానిన పెసరపప్పు ఉన్నది. ఎసరులో ఉప్పును వెన్నయు వేసి పిండి ఉడికించి, మిరియపుపొడి చల్లి, ముగ్గురమును పీటలు వేసికొని చుట్టితిమి. పిల్ల చుట్టినవి కొన్ని నూనెలో విడిపోయినవి. అవియే మొదట అయిపోయినవి. సోమవారము డబ్బాలో ఏమి పెట్టవలెనని చెల్లెలు మమ్మడుగలేదు, పిల్లనడిగెను. పిల్ల కొంచెము తడవు ఆలోచించి, పులిహోర కొంచెమే పెట్టి, చేగోడీలు ఎక్కువ పెట్టుమనినది.

సాయంకాలము డబ్బా వచ్చినది. చేగోడీలు ఒక్కటియు లేవు. పులిహోర సగము మిగిలియున్నది. ఎవరెవరు తినిరో, ఎచ్చట కూర్చుండి మూత తీసినదో పిల్ల చెప్పలేదు, మేమును అడుగలేదు. మిగిలినదానిని మేమును చెల్లెలును వంటయింటనే నిలుచుండి, ఒక్క గిన్నెలో తింటిమి.